11 చుట్లు, 108 చుట్లు, మధ్యలో ఒక లాటరీ

చిలుకూరు బాలాజీ గుడి లెక్క అందరికీ తెలిసిందే. కోరిక చెప్పుకోవడానికి వెళ్తే 11 ప్రదక్షిణలు, అది తీరాక 108. హుండీ లేదు. ఉస్మాన్‌సాగర్ దగ్గరున్న ఆ చిన్న గుడికి ‘వీసా బాలాజీ’ అని పేరు పడిపోయింది. గడుల కార్డు చేత్తో పట్టుకుని, చుట్టుకో గడి కొట్టేసుకుంటూ జనం తిరుగుతుంటారు. అడిగినదానికి దాదాపు పదింతలు చెల్లించాలన్న ఆ నిష్పత్తి పెట్టినవాళ్లెవరో గానీ మనిషి మనసు బాగా ఎరిగినవాళ్లు. పని అయ్యాక మర్చిపోతామని వాళ్లకు తెలుసు.

ఆ 11కీ ఈ 108కీ మధ్య జరిగేది, అమెరికాలో ఉద్యోగం చేసేందుకిచ్చే వీసా అయిన హెచ్‌1బీ విషయంలో, అక్షరాలా లాటరీ. అందులో పేరు వచ్చినవాళ్లే ఏడాది తిరిగేసరికి అది లాటరీ అన్న సంగతి మర్చిపోతారు. అదెలా జరుగుతుందో, ఎక్కడెక్కడ మర్చిపోతామో అంకెలతో చూస్తే బాగా అర్థమవుతుంది.

ఏటా లాటరీలో ఇచ్చే కొత్త హెచ్‌1బీలు 65,000. అందులో 6,800 చిలీ, సింగపూర్ ఒప్పందాలకని పక్కన పెడతారు. అమెరికాలో మాస్టర్స్ చేసినవాళ్లకు ఇంకో 20,000. మార్చిలో కనీసం 14 రోజులు రిజిస్ట్రేషన్ తెరిచి ఉంచుతారు. కంపెనీయో దాని లాయరో అభ్యర్థి పేరు, పుట్టిన తేదీ, పుట్టిన దేశం, పాస్‌పోర్టు నంబరు ఎక్కించి ఫీజు కడతారు. 2020లో ఈ ఆన్‌లైన్ పద్ధతి మొదలైనప్పుడు ఫీజు 10 డాలర్లు, 2025 నుంచి 215. ఆ ఫారంలో జీపీఏకి గడి లేదు. ఇంటర్వ్యూ ఎన్ని రౌండ్లు నెగ్గారో రాయడానికీ లేదు. ముందు అందరి పేర్లూ కలిపి 65,000 కోటాకి తీస్తారు. అందులో రాని మాస్టర్స్ వాళ్లను 20,000 కోటాలో మళ్లీ వేస్తారు. 2019కి ముందు ఈ వరస తిరగేసి ఉండేది: మాస్టర్స్ డ్రా ముందు, అందరి డ్రా తర్వాత. ఆ ఒక్క వరస మార్చినందుకే మాస్టర్స్ వాళ్ల అవకాశం పెరిగింది, ఇండియాలో బీటెక్‌తో ఆగినవాళ్లది తగ్గింది. ఎవరి తెలివీ రాత్రికి రాత్రి మారలేదు.

డ్రా దాకా వెళ్లకుండానే పోయేవాళ్లూ ఉంటారు. ఫీజు చెల్లింపు ఫెయిలై రిజిస్ట్రేషన్ చెల్లకుండా పోవడం ఒకటి. పాత పాస్‌పోర్టు నంబరుతో ఒక కంపెనీ, కొత్త నంబరుతో ఇంకో కంపెనీ వేసి మనిషి రెండుసార్లు లెక్కకు రావడం ఇంకొకటి. అలా వేస్తే రెండూ పోవచ్చు. అన్నిటికంటే ఎక్కువ బాధ పెట్టేది మాస్టర్స్ గడి. లాభాల కోసం నడిచే ప్రైవేటు యూనివర్సిటీలో చేసిన మాస్టర్స్ ఆ 20,000 కోటాకి పనికిరాదు. ప్రభుత్వానిదో లాభాపేక్ష లేనిదో అయి ఉండాలి, డిగ్రీ చేతికొచ్చే నాటికి గుర్తింపు ఉండాలి. ఇది చూసుకోకుండా గడి టిక్ చేసి, ఆ రెండో కోటాలోనే పేరు వచ్చి, కేసు (వీసా పిటిషన్) ఫైల్ చేశాక తిరస్కరణ అందుకున్నవాళ్లకు ఆ ఏడాది మళ్లీ రాదు. అడ్మిషన్ ఇప్పించిన కన్సల్టెన్సీ ఈ ముక్క ఎప్పుడూ చెప్పదు.

ఇక అంకెలు. 2020 మార్చిలో సుమారు 2.74 లక్షల రిజిస్ట్రేషన్లలో 1,24,415 తీశారు. పేరు వచ్చినవాళ్లలో కొందరు కేసు ఫైల్ చేయరు, కొందరికి తిరస్కరణ వస్తుంది, అందుకే 85,000 కంటే ఎక్కువ తీస్తారు. అంటే నూటికి 45 మందికి తగిలింది. 2023 మార్చిలో అర్హమైనవి 7,58,994 వస్తే, రెండు విడతలు కలిపి తీసినవి 1,88,400. నూటికి 25. 2025 మార్చిలో 3,43,981కి 1,20,141. నూటికి 35. అదే కోర్సు, అదే జావా, అదే డాలస్. మూడేళ్ల తేడాలో అవకాశం దాదాపు సగమైంది, ఇంకో రెండేళ్లలో కొంత తేరుకుంది.

‘మూడు ప్రయత్నాల్లో ఎలాగైనా వచ్చేస్తుంది’ అనేది మనవాళ్ల మాట. లెక్క అలా చెప్పదు. నూటికి 45 ఉన్నప్పుడు మూడుసార్లూ రానివాళ్లు నూటికి 17 మంది. 35 అయితే 27 మంది. 25 అయితే 42 మంది. మాస్టర్స్ వాళ్లకు రెండో డ్రా ఉంటుంది గనక వాళ్లకు కాస్త నయం, కానీ బొమ్మ పెద్దగా మారదు. ఒకే ఇంట్లో అద్దెకుండే నలుగురిలో ఒకరిద్దరు పెట్టె సర్దుకోవడం ఈ లాటరీకి మామూలు ఫలితం. దానికి వేరే కారణం వెతకనక్కర్లేదు.

పైగా ఆ మూడు ప్రయత్నాలు అందరికీ ఉండవు. చదువయ్యాక అక్కడే ఉద్యోగం చేసుకోనిచ్చే అనుమతి, ఓపీటీ, 12 నెలలు. స్టెమ్ (సైన్స్, టెక్నాలజీ, ఇంజినీరింగ్, గణితం) డిగ్రీ అయితే ఇంకో 24. ఆ 24 నెలలు 2016 నుంచి వచ్చినవి. 2008 నుంచి అప్పటిదాకా 17 నెలలే. ఒక్క నిబంధన మారి ఒక తరానికి ఒక లాటరీ అదనంగా ఇచ్చింది. స్టెమ్ కోడ్ లేని ఎంబీఏకి ఆ పొడిగింపు లేదు, దాదాపుగా ఒకటే ప్రయత్నం. స్టెమ్ పొడిగింపుకి కంపెనీ ఈ-వెరిఫైలో (ఉద్యోగులకు పని అనుమతి ఉందో లేదో చూసే ప్రభుత్వ ఆన్‌లైన్ వ్యవస్థ) ఉండాలి. మొదటి ఏడాది రిజిస్ట్రేషన్ వేయం, పనితీరు చూసి వేస్తాం అనే కంపెనీలు బోలెడు. వాళ్ల దగ్గర చేరినవాళ్లకు రెండే మిగులుతాయి. మొదటి ఓపీటీలో ఉద్యోగం లేకుండా 90 రోజులు దాటకూడదు, స్టెమ్ కలుపుకుని మొత్తం 150. ఉద్యోగాలు లేని ఏడాదిలో పట్టా అందుకున్నవాళ్లు లాటరీ దాకా వెళ్లకుండానే ఈ రోజుల లెక్కలో పడిపోతారు.

2023 సంగతి విడిగా చెప్పుకోవాలి. ఆ 7,58,994లో 4,08,891 రిజిస్ట్రేషన్లు ఒకటికంటే ఎక్కువ కంపెనీలు వేసినవాళ్లవి. అప్పట్లో డ్రా మనిషికి కాదు, రిజిస్ట్రేషన్‌కి. ఒక్క చీటీతో నిలబడినవాళ్లకు నూటికి 25. ఐదు కంపెనీలతో వేయించుకున్నవాళ్లకు, నాలుగింట మూడు వంతుల్ని ఐదుసార్లు గుణించి ఒకటిలోంచి తీసేస్తే, నూటికి 76. పది డాలర్ల ఫీజుతో అదృష్టం అమ్మకానికి పెడితే కొనేవాళ్లు కొన్నారు. నిజంగా రెండు కంపెనీల్లో ఆఫర్ ఉన్నవాళ్లూ అందులో ఉన్నారు, అది తప్పు కాదు. కానీ లేని ఉద్యోగానికి నాలుగు కన్సల్టెన్సీలు కూడబలుక్కుని వేస్తే, నిజమైన ఆఫర్ ఉందని సంతకం పెట్టినందుకు కేసు తర్వాతైనా రద్దు కావచ్చు. 2024 నుంచి పాస్‌పోర్టుకి ఒకే చీటీ అన్నారు. ఒకరికే పలు రిజిస్ట్రేషన్లు ఆ ఏడాదే 47,314కి పడిపోయాయి. ఆ పడిపోవడమే 2023లో ఏం జరిగిందో చెబుతోంది. ఆ ఏడాది ఒక్క చీటీతో ఓడి తిరిగొచ్చిన పిల్లలకు మాత్రం ఎవరూ ఏమీ చెప్పలేదు.

గెలిచాక కథ మారిపోతుంది. ‘నేను ప్లాన్ ప్రకారం వెళ్లాను, అందుకే వచ్చింది’ అంటారు. కాలిఫోర్నియాలో పాల్ పిఫ్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త ఒక ఆట ఆడించాడు. మోనోపలీ ఆటకి ఇద్దర్ని కూర్చోబెట్టి, నాణెం ఎగరేసి ఒకరికి రెట్టింపు డబ్బు, ఒక పాచికకి బదులు రెండు పాచికలు, చుట్టు పూర్తయితే రెట్టింపు జీతం ఇచ్చాడు. గెలిచేదెవరో చూసేవాళ్లందరికీ ముందే తెలుసు. ఆట అయ్యాక ఎలా గెలిచారని అడిగితే గెలిచినవాళ్లు నాణెం మాట ఎత్తలేదు. ఏ స్థలం ఎప్పుడు కొన్నారో, ఏ ఎత్తు వేశారో వివరించారు.

ఇందులో అబద్ధమేమీ లేదు, అదే చిక్కు. వాళ్లు నిజంగానే ఆలోచించి ఆడారు. హెచ్‌1 వచ్చినవాళ్లూ నిజంగానే కష్టపడ్డారు. రానివాళ్లూ అంతే కష్టపడ్డారు. కాలవ గట్టు మీద సైకిల్ తొక్కినవాళ్లకి ఇది తెలుసు: ఎదురుగాలి ప్రతి అడుగులో గుర్తుంటుంది, మలుపు తిరిగి గాలి వీపు వైపు వచ్చాక రెండు నిమిషాల్లో గాలి సంగతే గుర్తుండదు, కాళ్లలో బలం పెరిగిందనిపిస్తుంది. షాయ్ డేవిడాయ్, థామస్ గిలోవిచ్ 2016లో దీనిమీదే పరిశోధన చేశారు. తమకు ఎదురైన అడ్డంకులు జనానికి ఠక్కున గుర్తొస్తాయి, కలిసొచ్చినవి వెతుక్కుంటే గానీ దొరకవు.

‘మా రోజుల్లో ఈ గోలంతా లేదు, టాలెంట్ ఉంటే చాలు’ అని పెళ్లిళ్లలో చెప్పే బావగార్లుంటారు. వాళ్ల రోజులేవో చూడండి. 1998 చట్టంతో కోటా 1,15,000 అయింది. 2000 చట్టంతో 2001 నుంచి 2003 ఆర్థిక సంవత్సరాల దాకా 1,95,000. ఆ తర్వాత మళ్లీ 65,000. కోటా నిండిపోయి మొదటిసారి లాటరీ తీసింది 2007 ఏప్రిల్‌లో. వైటూకే రోజుల్లో అమీర్‌పేటలో కోర్సు చేసి విమానం ఎక్కినవాళ్లకు డాట్‌కామ్ కుప్పకూలినప్పుడు దెబ్బలు తగిలిన మాట నిజమే, ప్రాజెక్టు లేక బెంచ్ మీద నెలలు గడిపినవాళ్లున్నారు. కానీ చీటీ మాత్రం తీయలేదు వాళ్లకు. బావగారు పుట్టిన సంవత్సరం ఆయన ప్రతిభ కాదు.

పుట్టిన సంవత్సరం కంటే వింతైనది పుట్టిన ఊరు. ఉద్యోగం మీద ఇచ్చే గ్రీన్‌కార్డులు ఏడాదికి సుమారు 1,40,000. ఏ ఒక్క దేశానికీ 7 శాతానికి మించకూడదు. ఆ దేశం పౌరసత్వాన్ని బట్టి కాదు, పుట్టిన చోటుని బట్టి. రాయచోటి, రాజంపేట వైపు నుంచి కువైట్ వెళ్లిన కుటుంబాలెన్నో. అక్క ఊళ్లో పుట్టి, నాన్నకు కుటుంబ వీసా వచ్చాక తమ్ముడు కువైట్‌లో పుట్టాడనుకోండి. ఇద్దరికీ భారత పాస్‌పోర్టే, ఒకే కాలేజీ, ఒకే కంపెనీ, గ్రీన్‌కార్డు వరసలో చేరిన తేదీ (ప్రయారిటీ డేట్) కూడా ఒకటే. తమ్ముడు కువైట్ లెక్కలో పోతాడు, కొద్ది ఏళ్లలో కార్డు వస్తుంది. అక్క ఇండియా వరసలో, పిల్లలకు 21 ఏళ్లు నిండి తన కేసులోంచి జారిపోతారేమోనని వేళ్లు లెక్కబెట్టుకుంటూ ఉంటుంది. భర్తో భార్యో వేరే దేశంలో పుట్టి ఉంటే వాళ్ల దేశం లెక్కలో వేయించుకోవచ్చు. ఈ వెసులుబాటు తెలియక ఏళ్లకేళ్లు ఆగినవాళ్లుంటారు, ఇంట్లో ఒకసారి బర్త్ సర్టిఫికెట్లు తీసి చూసుకోవడం మంచిది. మనవాళ్లు ‘పెట్టి పుట్టాలి’ అంటారు. ఎక్కడ పుట్టాలో కూడా పెట్టుకునే పుట్టాలన్నమాట.

ఈ 7 శాతం అన్యాయమని మనం గట్టిగా అంటాం. నేనూ అంటాను. అయితే దేశానికింత అన్న పరిమితి ఏ చట్టం వెంట వచ్చిందో కూడా చెప్పుకోవాలి. 1917లో అమెరికా ఆసియాలో ఎక్కువ భాగానికి గీత గీసి రావద్దంది. మొదటి ప్రపంచ యుద్ధంలో అమెరికా సైన్యంలో పనిచేసిన భగత్ సింగ్ థింద్ పౌరసత్వం అడిగితే, ‘నువ్వు తెల్లవాడివి కావు’ అని 1923లో సుప్రీంకోర్టు తేల్చింది. అంతకుముందే పౌరసత్వం పొందిన భారతీయుల దగ్గర నుంచి కూడా దాన్ని లాక్కున్నారు. ఆ కేసులో థింద్ వాదన ఏంటంటే, తాను ఉన్నత కులపు ఆర్యుణ్ని కాబట్టి తెల్లవాళ్లలో లెక్కేనని. తలుపు తనకొక్కడికే తెరవమని అడిగాడు, దొరకలేదు. 1946లో భారతదేశానికి ఏడాదికి 100 మంది అన్నారు. నూరే. 1965 అక్టోబరు 3న లిబర్టీ విగ్రహం దగ్గర అధ్యక్షుడు జాన్సన్ సంతకం పెట్టిన చట్టంతో జాతిని బట్టి కోటాలు పోయాయి. దేశానికింత అన్న పరిమితి ఆ కొత్త ఏర్పాటులో వచ్చింది, 7 శాతంగా 1990 చట్టంలో స్థిరపడింది.

1964లో పౌరహక్కుల చట్టం, 1965 ఆగస్టులో ఓటు హక్కు చట్టం, అక్టోబరులో వలస చట్టం. అవన్నీ ఒకే ఊపులో వచ్చాయి. ఆ ఊపు తెచ్చింది నల్లజాతివాళ్లు. లాఠీలు, పోలీసు కుక్కలు, నీటి గొట్టాల ముందు నిలబడి తెచ్చారు. ఆ తలుపులోంచే గుంటూరు, విశాఖ, ఉస్మానియా మెడికల్ కాలేజీల డాక్టర్లు వెళ్లారు, వాళ్ల వెనక ఇంజినీర్లు. అట్లాంటాలో, డాలస్‌లో ఇల్లు కొనేముందు ‘ఆ ఏరియాలో నల్లవాళ్లు ఎక్కువట’ అని వాట్సాప్ గ్రూపులో అడిగేవాళ్లకు ఈ వరస ఎవరైనా చెబితే బాగుండు. ఏరు దాటేదాకా ఓడ మల్లయ్య, దాటాక బోడి మల్లయ్య.

లాటరీ చీటీ దాకా రావడమే ఇంకో లాటరీ. సుఖదేవ్ థోరట్, పాల్ ఆట్‌వెల్ 2007లో ప్రచురించిన అధ్యయనంలో, మన దేశంలో పత్రికల్లో పడిన 548 ప్రైవేటు ఉద్యోగ ప్రకటనలకు 4,808 దరఖాస్తులు పంపారు. అర్హతలు సమానం, పేరు మాత్రమే వేరు. అగ్రకుల హిందూ పేరుతో పోలిస్తే దళిత పేరున్న దరఖాస్తుకు పిలుపు వచ్చే పాళ్లు 0.67, ముస్లిం పేరుకి 0.33. పిలుపు రాని అభ్యర్థికి తన పేరు వల్ల రాలేదని తెలియదు. పిలుపు వచ్చినవాళ్లకీ పేరు వల్ల వచ్చిందని తెలియదు. రెండువైపులా తెలియకుండా జరిగిపోవడమే పక్షపాతానికి బలం. ‘మీ ఇంటిపేరు ఏంటండీ’, ‘మీది ఏ ఊరు, ఎవరి తాలూకు’ అన్న రెండు ప్రశ్నల్లో మన దగ్గర ఈ పని నిమిషంలో అయిపోతుంది. ఆ అలవాటు విమానం దిగినా పోదు. 2023 ఫిబ్రవరిలో సియాటిల్ నగరం కుల వివక్షను నిషేధిస్తూ చట్టం చేయాల్సి వచ్చింది.

ఫీజు రీయింబర్స్‌మెంట్‌తో ఇంజినీరింగ్ చదివి, నాన్న పొలం తాకట్టుతో బ్యాంకు లోను తీసుకుని ఎంఎస్ చేసి, ఇప్పుడు ‘ఉచితాలతో రాష్ట్రం నాశనం’ అని పోస్టులు పెట్టేవాళ్ల గురించి ఎక్కువ రాయను. తాకట్టు పెట్టడానికి పొలం లేనివాళ్ల పిల్లలు ఆ లోను వరసలోనే ఆగిపోయారని మాత్రం గుర్తు చేస్తాను.

2026 మార్చి నుంచి లాటరీ రూపం మారింది. ఉద్యోగానికి ఇచ్చే జీతం, ఆ పనికి ఆ ప్రాంతంలో కార్మిక శాఖ కట్టిన నాలుగు స్థాయుల్లో నాలుగోదైతే నాలుగు చీటీలు, మూడోదైతే మూడు, ఒకటోదైతే ఒకటే. ప్రతిభకు పట్టం అని కొందరు సంబరపడ్డారు. అయితే స్థాయి జీతం అంకెను బట్టే కాదు, ప్రాంతాన్ని బట్టి కూడా తేలుతుంది. ఒక చిన్న నగరంలో రెండో స్థాయిలో పడే జీతమే శాన్‌హోసేలో ఒకటో స్థాయి కిందికి రావచ్చు. అప్పుడే చదువు పూర్తయినవాళ్లు ఎంత ప్రతిభావంతులైనా ఎక్కువగా కింది రెండు స్థాయుల్లోనే మొదలవుతారు. దీనికితోడు, అమెరికా బయట ఉన్నవాళ్ల కోసం వేసే కొత్త పిటిషన్లకు లక్ష డాలర్లు కట్టాలని 2025 సెప్టెంబరు 19న అధ్యక్షుడి ప్రకటన వచ్చింది. అక్కడే చదువుకుని వీసా స్టేటస్ మార్చుకునేవాళ్లకు అది వర్తించదన్నారు. ఎంఎస్‌కి వెళ్లే స్తోమత ఉందా లేదా అన్నది మరింత బరువైంది.

కృతజ్ఞత అంటే చాలామందికి లింక్డ్‌ఇన్‌లో చేతులు జోడించిన బొమ్మ. పనికొచ్చే కృతజ్ఞత వేరే ఉంది, దానికి పెద్దగా ఖర్చు కూడా కాదు. ఎన్నో ప్రయత్నంలో వచ్చిందో చెప్పడం మొదటిది. ‘రెండుసార్లు పోయింది, మూడోసారి తగిలింది, మా టీంలోనే నాకంటే బాగా పనిచేసే ఇద్దరికి తగల్లేదు’ అని రాస్తే కింద చదివే పిల్లలకు తమ మీద తమకు అనుమానం తగ్గుతుంది. జీతం ఎంత అడగాలో తెలియనివాళ్లకు, హెచ్‌1బీ జీతాలు కంపెనీల వారీగా అమెరికా కార్మిక శాఖ బయటపెడుతుందని చెప్పి, ఎక్కడ చూడాలో చూపించడం. పిటిషన్ ఫీజులు, లాయరు ఖర్చు కట్టమని కన్సల్టెన్సీ అడిగితే అవి కంపెనీ భరించాల్సినవని, కట్టొద్దని చెప్పడం. రిఫరల్ ఇచ్చేటప్పుడు గత రెండేళ్లలో ఎవరెవరికి ఇచ్చారో ఒక కాగితం మీద పేర్లు రాసుకుని చూడండి. అన్నీ ఒకే జిల్లా, ఒకే కాలేజీ, ఒకే రకం ఇంటిపేర్లు అయితే తర్వాతి మూడు రిఫరల్స్ ఎవరికివ్వాలో ఆ కాగితమే చెబుతుంది.

పేరు రానివాళ్లకు చెప్పగలిగిన విషయాలూ ఉన్నాయి. యూనివర్సిటీలు, వాటి అనుబంధ లాభాపేక్ష లేని ఆసుపత్రులు, ప్రభుత్వ లేదా లాభాపేక్ష లేని పరిశోధన సంస్థల్లో ఉద్యోగానికి హెచ్‌1బీ లాటరీ లేదు, ఏడాదిలో ఎప్పుడైనా వేయొచ్చు. జీతం తక్కువ గానీ చీటీ తీసే పని లేదు. కంపెనీకి హైదరాబాద్‌లోనో టొరంటోలోనో ఆఫీసు ఉంటే అక్కడ ఒక ఏడాది పనిచేసి ఎల్‌1 (అదే కంపెనీలో బదిలీకిచ్చే వీసా) మీద తిరిగి రావచ్చు. ఆ బదిలీ గురించి మేనేజరుతో మాట్లాడాలి, ఓపీటీ ముగియడానికి నాలుగైదు నెలల ముందే మాట్లాడాలి. మొదటి విడత ఫలితాలు మార్చి నెలాఖరుకు వచ్చేస్తాయి. మీకు తగిలి రూమ్మేట్‌కి తగలకపోతే, ఆ వారంలో ‘ఏం కాదులేరా, దేవుడున్నాడు’ అనకండి. రెజ్యూమె పంపమని అడగండి.